అంచు నుంచి

సూరాడ మసేనమ్మ కాలికి
చేపల రేవులో గాలం దిగింది.
దిగినట్టు ఆవిడకి తెలీదు.
ఐసుముక్కలు ఎర్రబడితే
పక్క గంప మనిషి చెప్పింది:
"అప్పా, నీ కాలు."

షుగరొచ్చి పదకొండేళ్ళు.
అరికాల్లో నరాల కొసలు ఒక్కొక్కటే
ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి రావడం మానేశాయి.
నొప్పి కూడా ఒక ఉద్యోగమేనని
ఆ కుర్చీ ఖాళీ అయ్యాకే తెలుస్తుంది.

కేజీహెచ్ డౌన్ ఎక్కి, మధ్యలో రెండుసార్లు ఆగి,
రోజు విడిచి రోజు నా డ్రెస్సింగు గదికి వచ్చేది.
చేతిలో ఓపీ చీటీ, చీరలో ఎండుచేపల వాసన.
కట్టు విప్పుతుంటే తల తిప్పుకునేవాళ్ళనే చూశాను
ఇన్నేళ్ళ సర్వీసులో.
ఈవిడ మాత్రం ముందుకు వంగి
బేరానికొచ్చిన సరుకుని చూసినట్టు చూస్తుంది.

మొదటి వారం తెల్లటి చీము.
"పాడైపోనాదేటమ్మా?"
కాదు. కాపలాకి వెళ్ళి తిరిగిరానివాళ్ళు వీళ్ళు.
నీ ఎముకల గుజ్జులోనే పుట్టారు.
నెత్తురు వెంట కొట్టుకొచ్చి
నాళం గోడలో సందు చూసుకుని దూరి
క్రిముల్ని మింగి, మింగినచోటే పోయారు.
తుడిచి ట్రేలో వేశాను.
గాజుగుడ్డకి పెద్ద బరువేమీ లేదు.

మూడో వారం గుంట అడుగున
గింజలు గింజలుగా ఎరుపు లేచింది.
నాకంటే ముందు ఆవిడే అంది:
"మొప్ప ఎర్రగున్నాది. సరుకు తాజాయే."
నిజమే. చేప మొప్పలో ఉన్న ఎరుపే ఇదీ.
వెంట్రుకలో పదోవంతు రక్తనాళాలు
కొత్తగా మొలిచి, చీకట్లో తడుముకుని
ఒకదాని మూతిని ఒకటి కలుపుకున్నాయి.
వాటి చుట్టూ పీచు అల్లే కణాలు
తొందరపనిలా ఎటు పడితే అటు పోగులు పోస్తున్నాయి.
అదంతా తర్వాత తీరిగ్గా విప్పి
లాగుడు ఎటుందో అటు మళ్ళీ అల్లుతాయి.
నెలలు పడుతుంది. ఎవరూ మెచ్చుకోరు.

"కట్టు కట్టీది నువ్వు. మరి మాన్పీది ఎవులు?"
సెలైను, గాజుగుడ్డ, టేపు.
నా పనల్లా వాళ్ళ పనికి అడ్డు రాకపోవడం.
ఆవిడ కాసేపు కిటికీ బయటికి చూసింది,
సముద్రం అటువైపుంది, ఇక్కడికి కనబడదు.
"పెదవల లాగినట్టన్నమాట.
ఈ తాడు లాగినోడికి ఆ తాడోడు అగుపడడు.
నీళ్ళల్లో బరువు చేతికి తెలస్తాది, అంతే."
మరి కేకేసేదెవరని నేనడిగాను.
ఆవిడ దగ్గర జవాబు లేదు.
నా దగ్గర కొన్ని ప్రోటీన్ల పేర్లున్నాయి,
జవాబు నా దగ్గరా లేదు.

ఐదో వారం గాయం గట్టున
ముత్యపుచిప్ప లోపలి రంగులో సన్నటి గీత.
తోలు కణాలు చేతులు వదలకుండా
ఒక్క పొరగా ఆ ఎరుపు మీదికి పాకుతున్నాయి,
రోజుకి బియ్యపుగింజ మందం కూడా కాదు.
ఎదురుగా తనలాంటిదే తగిలితే ఆగుతుంది.
ఆ ఆగడంలోనే ఒళ్ళంతా ఉంది.
తగిలినా ఆగనివాటిని
పై అంతస్తులో గాజుపలకల మీద చూస్తారు.
ఆ వార్డుకి మెట్లు వేరు.

తొమ్మిదో వారం మూసుకుంది.
ఉన్నదున్నట్టు చెప్పాను:
ఇది పాత తోలు కాదు. ఇక్కడ చెమట పట్టదు,
పోయిన నరాలు రాలేదు, బలం మునుపటంత ఉండదు.
ఓ చిన్న అద్దం కొనుక్కో,
రాత్రి పడుకునేముందు అరికాలు చూసుకో.
"మొగం చూసుకోడానికే అద్దం లేదు" అని నవ్వింది.

లేచేముందు కాలు ఒళ్ళోకి లాక్కుని
మచ్చ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది,
తెల్లారగట్ల వేలంలో
వంజరం పొట్ట నొక్కి చూసినట్టు.
వేలు తీసింది.
ఇద్దరం చూశాం.
గుంట నిలవలేదు.