తరుగు

ధర్మాబాద్ మార్కెట్‌ల
బస్తా ఎక్కినంక కాంటా ముల్లు కొద్దిసేపు ఊగుతది.
దాన్ని ఆగనియ్యరు.
మునీం ముందుగాలనే రాసుకుంటడు:
నలభై. తరుగు రెండు.

తరుగంటే ఏందని వచ్చిన కొత్తల అడిగిన.
ఎండితే తగ్గుతది గద పిల్లా,
పోయేదాన్ని పోకముందే తీసేస్తరు
అన్నది గంగామణక్క, చేతులాపకుంట.

మేము ఒలిచేది తొడిమలు.
పొద్దుగాల కూసుంటే మాపటికే లేసుడు.
కిలోకింత కూలి, లేసిన్నంటే కిలో పోతది.
చాయ్ కూడా మా దగ్గరికే నడిసొస్తది,
మాకన్న దానికే కాళ్లెక్కువ.
ఘాటుకు గొంతు మండితే
సేటు బెల్లం ముక్క పంచుతడు.
దయగల్లోడు, లెక్కపెట్టడు.
నేనే పెట్టిన ఒకనాడు: పదకొండు.

దవాఖానల శుభాంగి సిస్టర్
దర్జీ లెక్క నా నడుముకు టేపు చుట్టి
"వజన్" అన్నది.
ఆ మాట మరాఠీల, మన మాటల ఒక్కటే,
రెండిట్లనూ బరువే.

పెండ్లయి బోధన్ నుంచి వచ్చిననాడు
పుల్ల లెక్కున్నదన్నరు.
చిన్నోడు కడుపుల పడ్డంక
గ్లూకోజు నీళ్లు తాపి
రెండు గంటలు బెంచీ మీద కూసోబెట్టిన్రు.
నూట అరవై రెండు.
కాన్పయినంక షుగర్ పోయిందన్నరు గాని
అది యాడికి పోలే,
కడప అవుతల చెప్పులిడిసి కూసున్నది.

మా అత్త బాలెంతకని నెయ్యి పోసింది,
ప్రేమతోనే పోసింది, నేను కాదన్ననా.
రేషన్ల తెల్లబియ్యం వస్తయ్.
జొన్నలు కొందామంటే బియ్యం కన్న పిరం,
మా అమ్మమ్మ వింటే నవ్వుతుండె.

మొన్న మూడు నెలలు బయట చేరకపోతే
ఇంట్ల అందరు మురిసిన్రు.
పట్టీ మీద ఒక్కటే గీత.
నెల తప్పింది గాని కడుపు పండలే.
సిస్టర్ అన్నది: ముందు ఏడు కిలోలు తగ్గు,
రెండోది తర్వాత. రోజూ నడువు.

ఎక్కడ నడవాలె?
గల్లీల నడిస్తే ఎవరింటికి అంటరు.
పనిలేకుంట నడిచే ఆడిదాన్ని
ఏ రాష్ట్రంల నమ్ముతరు?
గంగామణక్క, నేను
ఖాళీ సంచి ఒకటి చేతుల పట్టుకొని
తెల్లారకముందు స్టేషన్‌కు పోతున్నం.
ముంబై బండి పోయినంక ప్లాట్‌ఫారం
ఈ కొసకెల్లి ఆ కొస దాకా మాదే.
సంచి చూసి ఎవ్వరు ఏమనరు.

ఇయ్యాల బువ్వ యాళ్లకు
కాంటా మీదికెక్కిన.
హమాలి దిగంబర్ పకపక నవ్విండు:
రెండు బస్తాలకు రెండు కిలోలు తక్కువ!
తోటి ఆడోళ్లు నవ్విన్రు. నాక్కూడా నవ్వొచ్చింది,
కండ్లు మండినయ్, మిర్చి గద.
ముల్లు ఇంకా ఊగుతనే ఉన్నది.
మునీం కలం ఎత్తిండు.
ఆగనియ్ దాన్ని, అన్న.
డెబ్బయెనిమిది.
తరుగు ఇప్పుడే రాయకు.

మాపటికి కొంగు ముడి విప్పి చూసిన.
తినకుంట దాసిన బెల్లం
ఆరు ముక్కలు, చుట్టూ చీమలు.
కడమ ఐదు
గొంతు మండి తిన్న.