రెండు జేబులు

మూట బల్ల మీద పెట్టి
ముందు నా కత్తెర వైపు చూసింది నబ్బోస.
"పదునుందా?"
బుగ్గన కాఫీ గింజ, చేతిలో గొడుగు,
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి.

విప్పాను.
ఎర్రమట్టి రంగు నారబట్ట.
పడుగు లేదు, పేక లేదు,
మగ్గం ముఖమే చూడని గుడ్డ.
ముతూబ చెట్టు ఒంటి మీంచి నిలువునా ఒలిచి
ఆవిరి పట్టి
గాళ్లు చెక్కిన మూడు కొయ్య సుత్తులతో
పొద్దంతా కొడితే
జానెడు బెరడు దుప్పటంత సాగుతుంది.

కంపాలాలో, కత్వె వీధిలో
పదకొండేళ్లుగా కుడుతున్నాను.
ఈ గుడ్డతో టోపీలు కుట్టాను, చేతిసంచులు కుట్టాను.
నిరుడు ఫ్యాషన్ షోలో ఒక పొడుగాటి పిల్లాడికి
భుజాలు నిక్కపొడుచుకునే కోటు కుట్టాను.
జనం ఫోన్లెత్తారు.
మైకులో పర్యావరణం అన్న మాట
నాలుగుసార్లు వినబడింది.
ఒక్క ముసలాయన లేచి వచ్చేశాడు.
తలుపు దగ్గర నాతో నెమ్మదిగా,
"మా అన్నని చుట్టింది దీంట్లోనే" అన్నాడు.

అందుకే ఇవాళ చెయ్యి ఆగింది.
ఈ నిడివి నాకు తెలుసు, ఈ మడత తెలుసు.
ఎవరి పెట్టె అడుగున వాళ్లు దాచుకునేది.
"అమ్మా, ఇది నీ..."

"నాదే.
మసాకాలో కిగ్గుండు కొట్టిన బట్ట.
ఇరవై రెండేళ్లుగా నాకోసం ఎదురుచూస్తోంది.
నేనేమో పోవడం లేదు.
పొద్దున్నే ప్రార్థనకి వెళ్తుంటే చలి.
కోటు కుట్టు."

కోడలు ఓవినో సంతలో స్వెటర్ కొందట,
ఏ దేశపు బడి పేరో రొమ్ము మీద.
విప్పుతుంటే చిటపట నిప్పురవ్వలట.
"అది పాతిపెడితే
నా ఎముకలకన్నా ఎక్కువ రోజులుంటుంది.
నాకెందుకమ్మా అంత ఆయుష్షున్న బట్ట?"

మరి రేపు, అని అడగలేక అడిగాను.

"ఆ చెట్టు బతికే ఉంది.
ఒలిచిన రోజు అరిటాకులు చుట్టాడు దానికి,
పురిటిబిడ్డకి చుట్టినట్టు.
చుట్టడం అయ్యేదాకా
నన్ను అటు తిరిగి నిలబడమన్నాడు, పిచ్చోడు.
మరుసటేటికి కొత్త బెరడు.
రేపటికి ఇంకోటి ఒలుచుకుంటారులే.
కొలత తీసుకో."

తీసుకున్నాను.
ఎడమ భుజం కుడి భుజం కన్నా అంగుళం కిందికి.
నీళ్లడబ్బా మోసిన వైపు.

బట్ట నడుమ ఒక అతుకు ఉంది.
కొమ్మ ఉన్న చోట పడిన చిల్లు,
రాఫియా పోగుతో చుట్టూ కుట్టిన కుట్టు.
చంక కింద దాచేద్దామనుకున్నాను.
వేలుతో పొడిచి చూపించింది:
"భుజం మీదకి రానీ.
చెట్టుకి చెయ్యి మొలిచింది అక్కడే కదా."

లోపలికి వాళ్లింటి పాత దుప్పటి,
ఉతికి ఉతికి పాలమీగడయిన నూలు.
గుండీలకి ఆవుకొమ్ము.
వానలో తడపకు అన్నాను.
"నన్నూ తడవొద్దన్నాడు డాక్టరు."

"జేబులు?"
అలవాటుగా అడిగేసి నాలుక కరుచుకున్నాను.
నవ్వింది, పళ్ల మీద కాఫీ రంగు.
"రెండు. మణికట్టు దాకా దిగాలి.
పెట్టెలో ఉన్నన్నాళ్లూ
దీనికి జేబులుంటాయని దీనికే తెలీదు."

శుక్రవారం వచ్చి తొడుక్కుంది.
అద్దం ముందు పక్కకి తిరిగింది,
వెనక్కి తిరిగి మెడ విరిచి చూసుకుంది.
కుడి జేబులో కాఫీ గింజలు పోసుకుంది.
ఎడమ జేబులో ఏం పెట్టిందో
నాకు కనపడకుండా పెట్టింది.
మజూరీ దగ్గర అరగంట బేరమాడింది.
వీధిలోకి దిగితే బోడా నడిపే కుర్రాడు
బండి ఆపి మరీ ఈల వేశాడు.
తిట్టింది గానీ
గొడుగు తెరవకుండానే నడిచింది.

బల్ల మీద బెత్తెడు ముక్క మిగిలింది.
పరుగెత్తి వెళ్లి అడిగాను, ఏం చెయ్యమంటావని.
నడక ఆపకుండానే అంది:

"ఉంచు.
కాలర్ అరిగినప్పుడు కావాలి."