ఎండిన చక్రం

షువైఖ్‌ల పొద్దుగాల ఆరింటికే
షట్టర్ రేకు చెయ్యి కాలుస్తది.
ఓబులేసు బండి గల్లీ మలుపు తిరగకముందే
దాని రంధి నాకు ఇనవడ్డది:
ఇసుక నములుతున్నట్టు, సన్నగ.
గ్యాస్ తొక్కితే గొంతు లేస్తది,
ఇడిస్తే గొణుగుతది.

"పోయిన నెల కొత్త డైనమో ఏపిచ్చినాన్నా,
యాభై దినార్లు.
ఈసారి మేడమ్ నా జీతంలో పట్టుకుంటాది."
రాజంపేట మాట, చెమట మొఖం,
స్టీరింగ్ ఇడవకుంటనే చెప్పిండు.

ఉస్తాద్ షేర్ జమాన్ బానెట్ లేపిండు.
నడుస్తున్న బెల్టు మీద ఇన్ని నీళ్లు చల్లిండు.
సప్పుడు మారలే. బెల్టుది గాదు.
బెల్టు ఊడదీసి ఒక్క నిమిషం స్టార్ట్ చేసినం.
గప్‌చుప్.
అంటే ఇంజన్ కడుపుల ఏం లేదు,
బయట తిరిగేటోళ్లల్లనే ఎవల్దో నొప్పి.

మళ్ల బెల్టు ఎక్కించి
పొడుగు పేచ్‌కస్ మొనను డైనమో బోల్టుకు ఆనించి
పిడిని పండ్ల నడుమ పట్టిండు ఉస్తాద్.
పాతకాలపు ఇద్దె అనుకుంటరు గిరాకులు.
సంగతి నాకొక్కనికే ఎరుక.
ఎయిర్ గన్ మోతల్ల ఎన్నడో
సన్నటి సప్పుళ్లన్నీ ఆయన చెవులిడిసి పోయినయి.
ఫోన్ల మనుమరాలి నవ్వు గూడ ఇనవడదు,
దాని పెదవులు చూసి నవ్వుతడు.
పండ్ల నుంచి, దవడ బొక్క నుంచి మాత్రం
లోకం ఇంకా లోపటికి వస్తది.

ఒక్కో బోల్టు కాడ ఆగి నా దిక్కు చూస్తడు.
నేను తల ఊపుతనో లేదో చూస్తడు.
సిరిసిల్లల ఎనిమిది మరమగ్గాలు ఒక్కతీర్గ కొడుతుంటే
ఏ బేరింగు గ్రీజు అడుగుతున్నదో
కునికిపాట్లల్లనే చెప్పేటోన్ని.
ఆసామి మగ్గాలను కిలోల లెక్కన అమ్ముకున్నంక
గా చెవి ఒక్కటే నా ఎంట ఇమానం ఎక్కింది.

డైనమో మీద మోత ఉన్నది, నిజమే.
కని అది దానిది గాదు.
ఒక్క బ్రాకెట్‌కు బిగించిన ఇనుములు
ఒకదాని బాధ ఒకటి మోస్తయి.
యాభై దినార్ల నింద గట్లనే పడ్డది.

బెల్టు మళ్ల తీసి చేతితోని తిప్పి చూసినం.
డైనమో రెండు సుట్లకు ఆగింది.
టెన్షనర్ ఒకటిన్నరకే.
కింద, చీకట్ల, ఐడ్లర్ పుల్లి.
ఓబులేసు యేలితోని ఒక్క పోటు పొడిసిండు.
తిరిగింది.
తిరిగింది.
తిరుగుతనే ఉన్నది.
"ఇది బాగుండాదే! ఎంత తేలిగ్గా తిరుగుతాందో!"

ఉస్తాద్ ఆ మాట ఆయన పెదవుల మీద చదివిండు.
"సూఖా" అన్నడు.
ఎండిపోయింది.
గ్రీజు నిండుగున్నది బద్ధకంగ తిరుగుతది, జల్ది ఆగుతది.
లోపట పట్టుకునేదేం మిగలనిదే
గిట్ల ఆగకుంట తిరుగుతది.

ఓబులేసు యేలు ఎనుకకు తీసుకున్నడు.
"పద్నాలుగేండ్లాయె" అన్నడు కొంచెం ఆగి.
దేనికని నేను అడగలే.

సర్‌క్లిప్ తీసి, వైస్‌ల పెట్టి పాతది నూకేసినం.
కొత్తది: అరవై రెండు సున్నా మూడు, రెండు దిక్కుల రబ్బరు.
"బయటి రింగు మీదనే ఒత్తు" ఉస్తాద్ చెయ్యి నా మణికట్టు మీద.
లోపటి రింగుకు దెబ్బ తాకితే
కొత్తది కొత్తగున్నప్పుడే పాతదైతది.
బేరింగుకు దినారున్నర, మజూరి రెండు.

స్టార్ట్ చేసినం.
ఉస్తాద్ నన్ను చూసిండు. పోయింది, అన్న కండ్లతోని.
అయినా పేచ్‌కస్ కొరికి
చానాసేపు ఇన్నడు, అవసరం లేకున్నా.

పాత బేరింగును మేడమ్‌కు చూపిస్తనని
టిష్యూల చుట్టి జేబుల ఏసుకున్నడు ఓబులేసు.
బండి మలుపు దాటేదాక నిలవడ్డ.
ఏం ఇనరాలే.

పక్క బే నుంచి టైర్లోళ్లు గన్ ఎత్తిండ్రు.
ఉస్తాద్ చేతులు తుడుసుకునే నూలు చిక్కుల నుంచి
రెండు పోగులు తెంపిండు,
ఏ ఊరి మగ్గం కింద రాలినయో,
ఉండలు చేసి
నా చెవులల్ల పెట్టిండు.