బెత్తెడు దూరం

బ్రోకెన్ హిల్‌లో, అద్దె వంటింట్లో
రాత్రి నానబోసిన పెసలు
పొద్దున మిక్సీలో వేస్తే
నాలుగు గింజలు టకటకా కొట్టుకున్నాయి.
నానలేదు. పన్ను విరిగేంత రాళ్ళు.
ఏరి సింకు గట్టు మీద పెట్టి
టోపీ తగిలించుకుని బయల్దేరాను.

నాది వినే పని.
ఎర్రమట్టి మైదానంలో తేమ కొలిచే పెట్టెలు ముప్పై ఆరు.
వాటి గొణుగుడు పట్టుకోవడానికి
గొర్రెల షెడ్డు పక్కన ఒక స్తంభం,
స్తంభానికి రెండు యాంటెన్నాలు.
మధ్యన బెత్తెడు దూరం.

"అదే గాలి, అదే మాట.
ఇంత దగ్గర్లో రెండోదెందుకు?"
పద్దులు చూసే రస్సెల్ టిండేల్
ఆ వరుస కింద ఎర్రగీత గీశాడు.

మాట ఒక్కటే బయల్దేరుతుంది,
ఒక్క దారిన రాదు.
రేకుల కప్పుకు తగిలి కొంత,
గాలిమర రెక్కకు తగిలి కొంత,
ఆగివున్న లారీని చుట్టుకుని కొంత.
అన్నీ వచ్చి, సరిగ్గా ఇక్కడ, ఈ వేలి కొసన,
ఒకటి ఎగిసేచోట ఇంకొకటి కుంగి
చెల్లుకు చెల్లు.
అరుపులన్నీ కలిసి నిశ్శబ్దం.
బెత్తెడు జరిగితే
అదే అరుపు నిక్షేపంగా వినిపిస్తుంది.

మా విభాగంలో దీన్ని వైవిధ్యం అంటాం.

మెట్ల కింది గదిలో హెస్టర్ కూడా
అదే మాట వాడుతుంది.
ఆమెకు జల్లెళ్ళు, పట్టకార్లు,
కాగితపు కవర్ల మీద పెన్సిల్ తేదీలు,
ఏడేళ్ళ మట్టి.

ఫిబ్రవరి మొదట్లో వాన పడింది. ఒక్కటే వాన.
నా పెట్టెలన్నీ ఒకేసారి మాట్లాడాయి.
డైసీ మొలకలు లేచి
మైదానం పసిపిల్లాడి నెత్తిలా పచ్చగా నూగుగా.
జనం కార్లాపి ఫొటోలు తీసుకున్నారు.
హెస్టర్ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని
లేవనివాటిని లెక్కపెట్టింది.
నూటికి అరవై మూడు.

పన్నెండో రోజు ఎండ నలభై నాలుగు.
లేచినవి మొగ్గైనా తొడగకుండా
చేతిలో పొడి అయిపోయాయి.
ఆ మధ్యాహ్నమే
మొదటి యాంటెన్నా పద్దెనిమిది నిమిషాలు చెవిటిదైంది.
ఎవరో లారీని నీడకు జరిపారు, అంతే.
రెండోది వింది.

"పడుకున్నవి తెలివైనవా?" అని అడిగాను.
ఈగల్ని తోలుకుంటూ నవ్వింది:
"దేనికీ ఏమీ తెలీదు.
ఒక్కోటి ఒక్కోలా తెలియకుండా ఉంటుంది."

మూడో అధ్యాయంలో నేను రాసుకున్నాను:
ఒకటి వినకపోయే అవకాశం పదింట ఒకటైతే
రెండూ వినకపోయేది నూటికొకటి.
చదవమని ఇచ్చిన ప్రతిలో, ఆ లెక్క పక్కన,
హెస్టర్ పెన్సిల్ రాత:
రెండూ ఒకే వానను నమ్మకపోతేనే.
చెరపలేదు. అధ్యాయం మళ్ళీ మొదట్నించీ రాస్తున్నాను.

ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి
సింకు గట్టు తడిమీద
ఒక పెస ఉబ్బి, పొట్టు చిట్లింది.
మిగతా మూడూ నిన్నటిలాగే.
హెస్టర్ ఇచ్చిన కవరొకటి వెతికి
వాటిని అందులో వేశాను.
పెన్సిల్‌తో రాశాను:
పెసర. మూడు. స్థలం, సింకు గట్టు.
మొలక అన్నచోట
కాసేపు ఆగి,
ఇంకా లేదు.