ఇంజన్ మూత

నా ఎడమ పిక్క మీద వెంట్రుకలు మొలవవు.
పదకొండేళ్లు ఇంజన్ పక్కన ఉడికిన కాలు.
డాక్టరు వేలితో నొక్కి చూసి "షుగరా?" అన్నాడు.
"కాదు సార్, మొగిలి ఘాటు" అన్నాను.

మామిడి సీజనుకు ఇంకా పది రోజులుండగా
చిత్తూరు గిరింపేటలో దస్తగిరి షెడ్డు ముందు
వ్యాను ఆపినాను.
సీటు కవర్లు కుట్టే మనిషి. నోట్లో ఎప్పుడూ రెండు మేకులు.
మూతకు నాలుగు క్లిప్పులుండాల, మూడే ఉండాయి.
నాలుగోదాని ఉద్యోగం సైకిల్ ట్యూబు ముక్కది.

ఎత్తి బోర్లించినాం.
నాకంటే ముందు ఈ బండి తోలినోళ్లంతా
లోపలే ఉండారు.
పైన నేను దూర్చిన గోనెపట్ట,
దాని కింద ఎవరిదో కొబ్బరిపీచు పరుపు ముక్క,
దాని కింద ఎలక్షన్ ఫ్లెక్సీ. ముఖమంతా కాలిపోయి
దండం పెట్టే చేతులు మాత్రం మిగిలినాయి.
అన్నిటికీ అడుగున కంపెనీ వాళ్ల నల్ల ఫెల్టు
తాకితే మాడిన అప్పళంలా పొడైపోయింది.
ఒక మూల ఎలుక కాపురం పెట్టి ఖాళీ చేసిన గుర్తు:
చెనిక్కాయ పొట్టు, ఎర్ర రిబ్బను పోగు.

దస్తగిరి నోట్లో మేకులు తీసి మరీ అన్నాడు:
"పాతది పీకినోడు ఒక్కడూ లేడబ్బా.
దాని మీదనే వేసుకుంటా వచ్చినారు."

గీకినాం. పుట్టీ బ్లేడుతో, కిరసనాయిలు గుడ్డతో,
ఆఖర్న గోళ్లతో.
ఇనుము బయటపడింది.
దాని మీద తెల్ల పెయింటుతో ఏడు అంకె.
ఏ ఫ్యాక్టరీలో ఎవరు రాసినారో, ఏం లెక్కో.
అది మాత్రం తుడవొద్దన్నాను.

పేపరు పరిచి కొలత తీసినాడు.
జిగురు పూసి, ఇద్దరం టీ తాగినాం.
"ఆరనీ. తొందరపడితే వారానికే ఊడొస్తాది.
వేలికి అంటనప్పుడే ఇనుముకు అంటుకుంటాది."
తర్వాత చపాతీ కర్రతో మూలమూలా ఒత్తినాడు.
ఇంజన్ వైపు వెండి రేకు,
అంచు చుట్టూ కొత్త రబ్బరు.
పొగ చీమ దూరే సందులోనూ దూరే రకం.

సీజను మొదటి రోజు, రాత్రి ఏడుంబావు.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర పద్నాలుగు మంది ఆడోళ్లు ఎక్కినారు,
మామిడి సొనకు కాలిన వేళ్లతో.
పద్నాలుగో మనిషి వళ్లియమ్మ ఎప్పటిలా
గోనెసంచి నాలుగు మడతలు పెట్టి మూత మీద కూర్చుంది.
ఘాటు మొదలైంది. సెకండ్ గేరు.
కాసేపటికి సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.
అరచెయ్యి మూతకు ఆనించి
బిడ్డకు జొరం దిగిందా అని చూసినట్టు చూసింది.

అప్పుడు వినిపించినాయి,
వెనక సీట్ల మాటలు.
ఇన్నాళ్లూ అద్దంలో కదిలే నోళ్లే నాకు తెలుసు.
రెడ్డెమ్మ కొడుకు మళ్లీ లెక్కల్లో పోయినాడు.
గంగులమ్మ చీటీ ఎత్తింది, ఇంట్లో చెప్పలేదు.
సూపర్‌వైజరు కిలోకింత అని చెప్పి బుట్టకింత ఇస్తాడు.
ఇంగ నా పేరు
చెవిటి మారాజు.

"చెవిటి మారాజు బాడుగ ఇరవై పెంచుతాడంట."
"వాడి కాలు చూసినావా? కాల్చిన వంకాయ!"
బండి బండంతా నవ్వింది.
బాడుగ సంగతి నిజమే.
దస్తగిరికి ఇంకా పన్నెండొందలు బాకీ.

వినిపిస్తా ఉండాదమ్మా అని చెప్పేయొచ్చు.
గొంతు దాకా వచ్చింది.
చెప్తే రేపట్నించి ఈ బండిలో మాట ఉండదు,
పద్నాలుగు నోళ్ల మీదా ఫెల్టు పరిచేస్తారు.

వళ్లియమ్మ నా ముఖమే చూస్తా ఉండాది.
నా పెదవి మూల వణికిందేమో.
నవ్వు ఆపుకుంటా, అవసరం లేనంత పెద్దగా అరిచింది:
"అన్నా! లోపల ఏం ఏసినావు? చల్లగా ఉండాదే!"

చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని
"ఆఁ?" అన్నాను.