పద్నాలుగో సొరుగు

చిలీ దక్షిణాన, ప్వెర్తో మోంత్‌లో
వాన పడటం వార్త కాదు, తెరిపివ్వడం వార్త.
ఆ ముసురులో వచ్చిందా పిల్ల,
యూనిఫాం కోటు అంచుల్నుంచి నీళ్ళు కారుతూ.
పగిలిన ఫోన్ని
చచ్చిన ఎలకని తోక పట్టుకు తెచ్చినట్టు
రెండు వేళ్ళతో తెచ్చింది.

"ఎంతసేపు?"
ఇరవై నిమిషాలన్నాను. కాస్త గొప్పగానే అన్నాను,
ఈ రేవు వీధిలో నాకంటే త్వరగా అద్దం మార్చేవాడు లేడు.
మొహం వాడిపోయింది.
"కాదు. అద్దం సాంతియాగో నుంచి రావాలి.
లారీ దారిలో చిక్కుకుంది.
మా అమ్మ అడిగితే అలాగే చెప్పండి."

ముప్ఫై ఏళ్ళుగా ఈ బల్ల మీద
టేప్ రికార్డర్ల దగ్గర్నుంచీ ఏది పెట్టినా
త్వరగా త్వరగా అన్నవాళ్ళే.
ఆలస్యం చేసిపెట్టమన్నది ఇదొక్కతే.
పుస్తకంలో రాసుకున్నాను: రాయెన్ కురిలెఫ్, పదహారేళ్ళు.

అద్దం ఆ సాయంత్రమే మార్చేశాను, చెయ్యి ఊరుకోదు.
వెలగగానే, చూడకూడదనుకుంటూనే చూశాను.
ఎవరో పంపిన వరస: పదకొండు మంది ఆడపిల్లలు,
పక్కన అంకెలు,
సంతలో చేపల ధరల పలకలాగా.
దీని పక్కన రెండున్నర.
ఆపే హక్కు నాది కాదనిపించి
అలాగే పద్నాలుగో సొరుగులో పెట్టాను.

రాత్రి పొయ్యిలో కట్టె ఎగదోస్తుంటే
సొరుగులోంచి గొణుగుడు,
సీసాలో పడ్డ తుమ్మెద.
మూడు రాత్రులు.
నాలుగో రోజు ఛార్జింగ్ అయిపోయి నోరు మూసుకుంది.
ఆ రాత్రి నాక్కూడా కునుకు పట్టింది.

ఆ పిల్ల రోజూ బడి విడవగానే వచ్చేది.
"మోగిందా?" అంది ఒకరోజు.
"ఎన్నిసార్లు?" అంది మర్నాడు.
తర్వాత అడగలేదు. ఊరికే కూచుంది.
బొటనవేలు మాత్రం బల్ల చెక్క మీద
పైకీ, మళ్ళీ పైకీ,
పాలు మాన్పించిన పసివాడి పెదాలు
నిద్రలో కదిలినట్టు.

ఆ వేలికో పని కావాలని
పాత రేడియో విప్పి ఇచ్చాను.
స్క్రూలు పోగొట్టింది. చెయ్యి కాల్చుకుంది.
వద్దన్నా మళ్ళీ కూచుంది.
ఓ సాయంత్రం అది గురగురమని దగ్గి
పడవలకి వాతావరణం చదివే గొంతుని పట్టింది:
చిలోయే దీవికి ఆవల అలలు నాలుగు మీటర్లు,
చిన్న పడవలు బయల్దేరవద్దు.
మాకు పడవ లేదు. అయినా ఊపిరి బిగబట్టి విన్నాం.
ఆ గొంతు మమ్మల్నేమీ అడగలేదు,
బాగుందనమని కూడా.

వాళ్ళమ్మ వచ్చింది, ఆల్చిప్పల ఫ్యాక్టరీ రబ్బరు బూట్లతోనే.
"అద్దం వచ్చిందా?"
లారీ, అన్నాను. దారి, అన్నాను.
ఆవిడ నన్ను చూసింది,
బల్ల కింద కూతురి సంచీని చూసింది.
"దారులు బాగాలేవు లెండి," అని వెళ్ళిపోయింది.

పదోరోజు తనే అంది, "ఇవ్వండి."
వైరు గుచ్చాం.
ఆరువందల పన్నెండు.
ఒక్కొక్కటీ తోసుకుంటూ పోయింది,
మొహంలో వానా లేదు, ఎండా లేదు.
అంకెలేసిన వాళ్ళు ఎప్పుడో
లెక్కల టీచరు ముక్కు మీదకి మళ్ళిపోయారు.
ఎక్కడున్నావ్ అన్నది ఒక్కటీ లేదు.

వేలు ఆగింది.
పిన్ని కొడుకు నహ్వేల్, తొమ్మిదేళ్ళవాడు, వాళ్ళమ్మ ఫోన్నుంచి:
"అక్కా నా ఎడం చేతి గ్లవ్ మీ ఇంట్లో ఉందా."
మర్నాడు: "ఎడం చెయ్యి జేబులో పెట్టుకుని బడికెళ్తున్నా."
ఆ మర్నాడు: "జేబు చిరిగింది."

రాయెన్ నవ్వింది.
పళ్ళు అప్పుడే చూశాను, ఒకటి కాస్త వంకర.
డబ్బుల దగ్గర కాసేపు పోట్లాడుకున్నాం.
"లారీ వచ్చిందని చెప్పండి మా అమ్మకి," అని
ఫోను జేబులో, రేడియో చంకలో,
గ్లవ్ వెతకడానికి వానలోకి పరిగెత్తింది.

పద్నాలుగో సొరుగు ఖాళీ.
ఎందుకో, అందులో
ఇంకా ఎవరి ఫోనూ పెట్టలేదు.