ఏడో నంబరు ఇంటి కప్పు

యశ్వంతపురం దాటాక, రైలు కట్టకు అవతల
పన్నెండు ఇళ్ళు కట్టారు, ఏ రెండూ ఒక్కలా ఉండవు.
ఒకదానికి మట్టి గొట్టాల కప్పు,
ఒకదానికి బోర్లించిన తొట్టిలాంటి కప్పు.
మూడోదానికి గోడలే నిలవక
మూణ్ణెల్లకే తీసేశారు.
కాగితాల మీద ఏం పేరుండేదో గాని
అందరి నోట్లో అది ప్రయోగం లైను.
ఆకుకూరల ఆవిడ అదే కేక వేసేది,
"ప్రయోగదమ్మా, సొప్పూ!"

మాది ఏడు.
నాన్న లేత్ మిషన్ మీద మనిషి,
తిన్నని గీతంటే ఆయనకు గౌరవం.
బల్లపరుపు కప్పు చూసి మురిసిపోయాడు.
వాన ఎటు పోతుందని అడిగింది అమ్మ.
జవాబు ఆషాఢంలో వచ్చింది,
ఆరు గిన్నెల్లోకి, చుక్క చుక్కగా.

రాళ్ళు కొట్టే గంగులప్ప కాంక్రీటు కలుపుతూ అన్నాడట:
"రాయిని పిండి చేసి, ఆ పిండిని మళ్ళీ రాయి చేస్తారంట.
నడిమధ్య మనకు కూలి. కానీలే."

హెర్తా దొరసాని నెలకోసారి వచ్చేది.
మగవాళ్ళ బూట్లు, చెవి మీద పెన్సిలు.
వంటింట్లో ఆడది ఎన్ని అడుగులు వేస్తుందో
లెక్క కట్టడం ఆమె పని.
అమ్మ పాదాలకు ముగ్గుపిండి రాసి
"రోజూ వండినట్టే వండు" అంది, వచ్చీరాని కన్నడంలో.
ఎర్ర గచ్చు మీద నాలుగు తెల్లటి అడుగులు
గట్టు దాకా పోయి ఆగిపోయాయి.
అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని గట్టెక్కింది,
మఠం వేసుకుని పొయ్యి ముట్టించింది,
కందిబ్యాళ్ళు ఉడికేదాకా దిగలేదు.

నిలబడి వండాలని, ఎవరెవరి నడుములో కొలిచి
రెండడుగుల తొమ్మిదంగుళాలకు పోసిన గట్టు.
దాని మీద సంగటి గెలుకుతూ మా అమ్మ,
కిటికీలోంచి రైళ్ళు చూస్తూ.
దొరసాని నవ్వుతుందనుకున్నాను.
నవ్వలేదు. చాలాసేపు చూసింది.
"నాలుగు" అని రాసి, కొట్టేసి,
పక్కన బొమ్మ గీసుకుంది.
పదమూడో ఇల్లు కడతారని, అందులో గట్టు జానెడే ఉంటుందని
తర్వాత ఎవరో చెప్పారు.
డబ్బులైపోయాయి. ఆమె మళ్ళీ రాలేదు.

నాకు మిగిలింది కప్పు.
ఫ్యాక్టరీకి మిషన్లు వచ్చిన పెట్టెల చెక్కలతోనే
మా ఇంటికి సెంట్రింగు కొట్టారు.
చెక్క ముడులు, నరాలు, మేకు తలలు,
వాటితోపాటు కాల్చి దించిన అక్షరాలూ
కాంక్రీటు మీద తేలాయి, తిరగబడి.
జ్వరమొచ్చిన మధ్యాహ్నాలు చాప మీద పడుకుని
నాన్న గడ్డం గీసుకునే అద్దం పట్టి
కూడబలుక్కున్నాను నా మొదటి ఇంగ్లీషు:
దిస్ సైడ్ అప్.

మొన్న కూలగొడుతున్నారంటే వెళ్ళాను.
మిగతావి ఎప్పుడో పోయాయి.
గోడలు బిస్కట్లలా విరిగాయి, కప్పు మొండికేసింది.
మిషను ముక్కు మూడుసార్లు పొడిచాక
పెద్ద ముక్క ఒకటి ఊడి, గాల్లోనే ఒరిగి
వెల్లకిలా పడింది.
మా నిద్రల మీదికి, మా తర్వాత
ఎవరెవరి నిద్రల మీదికో వంగి చూసిన అక్షరాలు
మొదటిసారి ఎండ చూశాయి.

మిషను నడిపే రాయచూరు కుర్రాడు దిగివచ్చి
ఫోన్లో ఫోటో తీసి, తిప్పి, చదివి
కప్పు ఉండిన చోటికి తలెత్తాడు.
"ఏ వైపు అజ్జీ?" అన్నాడు.